ఏఆర్-15 రైఫిల్‌కి కొత్త అప్పర్ (బ్యారెల్ ఉండే పై సగం) కొని వేటకెళ్దామా, కొత్త రైఫిలే కొందామా?

లియాండర్ రాజు (సెప్టెంబర్ 7, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ ఫోరం చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. ఉండేది ఆస్టిన్ పక్కన లియాండర్‌లో, సొంతూరు భీమవరం. గ్రీన్‌కార్డ్ వచ్చాక 5.56 క్యాలిబర్ (తూటా కొలత) ఏఆర్-15 ఒకటి కొన్నాను. ఇప్పటిదాకా కాగితం టార్గెట్ల మీద తప్ప దేని మీదా కాల్చలేదు.

మా ఆఫీసులో ఒకాయనకి లానో దగ్గర డీర్ లీజు (వేటకి అద్దెకి తీసుకున్న స్థలం) ఉంది. నవంబర్‌లో రమ్మన్నాడు. అడవి పందులు ఎన్నైనా కొట్టుకో, ఒక ఆడ జింక కూడా నీ లెక్కలో వేస్తా అన్నాడు. 5.56 చాలదేమోనని నా టెన్షన్. ఇంకో రైఫిల్ అంటే ఇంట్లో గొడవ. అప్పర్ మార్చితే సరిపోతుందని యూట్యూబ్‌లో చూశాను. అన్నిటికంటే .300 బ్లాక్‌అవుట్ అనే క్యాలిబర్ సులువనిపించింది, ఉన్న బోల్టే (తూటాని వెనక నుంచి మూసి పట్టే భాగం), ఉన్న మ్యాగజైన్లే పనికొస్తాయట, బ్యారెల్ ఒక్కటే తేడా. ఆర్డర్ పెట్టేముందు మీ అందరినీ ఒక మాట అడుగుదామని.

లానో మంచె (సెప్టెంబర్ 7, రాత్రి 10:25)

రాజు గారూ, మంచి పని చేశారు, ఆర్డర్ పెట్టకముందే అడిగారు.

ముందు సులువు సంగతి చెప్తాను. ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరు ఉన్న లోయరే (ట్రిగ్గర్ ఉండే కింది సగం). అప్పర్ విడిభాగం కింద లెక్క. అందుకే ఆన్‌లైన్‌లో కొంటే నేరుగా ఇంటికే వస్తుంది (కొన్ని రాష్ట్రాల్లో వేరే రూల్స్ ఉన్నాయి, టెక్సాస్‌లో ఆ బాధ లేదు). మార్చడానికి మ్యాగజైన్ తీసేసి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, రెండు పిన్నులు పక్కకి నొక్కితే పాత అప్పర్ చేతిలోకి వస్తుంది. కొత్తది కూర్చోబెట్టి పిన్నులు వెనక్కి నెట్టడమే. నిమిషం పట్టదు. ట్రిగ్గర్, స్టాక్ మీకు అలవాటైనవే ఉంటాయి. ఒక్కో అప్పర్ మీద దాని స్కోప్ దానికే ఉంచేస్తే జీరో (స్కోప్‌లో సరిచేసిన గురి) కూడా పెద్దగా కదలదు. అయినా వేటకి ముందు రెండు రౌండ్లు (తూటాలు) కాగితం మీద వేసి చూసుకోవాలి.

ఇక కష్టం సంగతి. "ఉన్న బోల్టే, ఉన్న మ్యాగజైన్లే" అని మీరు సంతోషపడ్డారు చూడండి, .300 బ్లాక్‌అవుట్ విషయంలో నాకు భయం సరిగ్గా దానిమీదే. దాని కేసింగ్ (తూటా వెనక ఇత్తడి గొట్టం) .223దే, అంటే మీ 5.56 లాంటిదే, పొట్టిగా కోసి మూతి వెడల్పు చేశారు. లోపల కూర్చునే బుల్లెట్ మాత్రం .308 అంగుళాలు. మీ 5.56 బ్యారెల్ రంధ్రానికి సరిపోయేది .224. పొరపాటున బ్లాక్‌అవుట్ రౌండు 5.56 ఛాంబర్‌లోకి వెళ్తే, బుల్లెట్ కాస్త లోపలికి నొక్కుకుపోయి బోల్టు మూసుకునే ప్రమాదం ఉంది. మూసుకుందంటే ట్రిగ్గర్ నొక్కగానే పేలుతుంది. .308 బుల్లెట్ .224 రంధ్రంలో దూరలేదు కాబట్టి ఆ ప్రెషరంతా వెనక్కి, మీ ముఖం వైపు వస్తుంది.

ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాలుగేళ్ల కిందట రేంజ్‌లో నాకు రెండు బెంచీల అవతల జరిగింది. ముందు టప్పున ఒక వింత శబ్దం, వెంటనే పొగ. మ్యాగజైన్ అడుగు ఊడి కింద పడింది, అప్పర్ పక్కగోడ చీలింది, బోల్టు లోపలే అతుక్కుపోయింది. అతనికి అరచేతిలో, చెంప మీద గాయాలు. కళ్లద్దాలు పెట్టుకోబట్టి కళ్లు దక్కాయి. అసలు తప్పు ఎక్కడో తెలుసా? ముందు వారం మిగిలిన మూడు బ్లాక్‌అవుట్ రౌండ్లు బ్యాగులో విడిగా పడి ఉన్నాయి. వాటిని 5.56 మ్యాగజైన్‌లో నింపేశాడు.

సైలెంట్ పిడుగు (సెప్టెంబర్ 7, రాత్రి 11:02)

మంచె అన్నా, మొదటి పోస్టుకే కుర్రాణ్ణి హడలగొట్టేశావు 😀

నేను ఆరేళ్లుగా .300 బ్లాక్‌అవుట్‌తోనే పందుల్ని కొడుతున్నా. రాత్రిపూట ఫీడర్ (మేత వేసే డబ్బా) దగ్గర 60-70 గజాల్లో, శబ్దం తగ్గించే సప్రెసర్‌తో, దానికి మించింది లేదు. మొదటి పంది పడ్డాక మిగతావి అటూ ఇటూ చూస్తాయే గానీ వెంటనే పరుగెత్తవు. టెక్సాస్‌లో పందులకి రాత్రి వేట చట్టమే ఒప్పుకుంటుంది.

కాకపోతే రాజుకి ఒకటి చెప్పాలి. ఇందులో రెండు రకాల తూటాలున్నాయి. 110-125 గ్రెయిన్‌ల బరువు బుల్లెట్‌వి సెకనుకి 2,200-2,300 అడుగుల వేగంతో వెళ్తాయి, వేటకి అవే. 200-220 గ్రెయిన్‌ల సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మదైన) రౌండ్లు వెయ్యి అడుగుల దగ్గర ఉంటాయి. వినడానికి బాగుంటాయి గానీ శక్తి 500 ఫుట్-పౌండ్లకి అటూ ఇటూ. తక్కువ వేగంలోనూ విచ్చుకునేలా ప్రత్యేకంగా చేసిన బుల్లెట్ కాకపోతే, సూది గుచ్చినట్టు ఇటు దూరి అటు పోతుంది. జంతువు ఎక్కడో పొదల్లో పడి చస్తుంది, నీకు దొరకదు. జింక మీద సబ్‌సోనిక్ మాత్రం వాడకు.

లానో మంచె (సెప్టెంబర్ 8, ఉదయం 6:50)

పిడుగు చెప్పింది నిజమే, దాని చోట అది మంచి క్యాలిబరే. నువ్వు రెండు రకాల మ్యాగజైన్లు కలిసిపోకుండా ఎలా ఉంచుతావో కూడా చెప్పు మరి.

సైలెంట్ పిడుగు (సెప్టెంబర్ 8, ఉదయం 8:15)

బ్లాక్‌అవుట్ మ్యాగజైన్లన్నీ ఇసుక రంగు, 5.56వి నలుపు. రెండు రకాల తూటాలూ ఒకే రోజు ఇంటి గడప దాటవు. అది మా ఇంట్లో పెట్టుకున్న రూలు. సరే, ఒప్పుకుంటున్నా, నాకూ భయం ఉంది కాబట్టే రూలు పెట్టుకున్నా.

లియాండర్ రాజు (సెప్టెంబర్ 8, మధ్యాహ్నం 12:30)

అమ్మో. యూట్యూబ్ ఆయన ఈ ముక్క చెప్పనే లేదు. మరి 5.56తోనే వెళ్తే ఏమవుతుంది? టెక్సాస్‌లో చట్టం ఒప్పుకుంటుందా?

లానో మంచె (సెప్టెంబర్ 8, మధ్యాహ్నం 1:10)

ఒప్పుకుంటుంది. రిమ్‌ఫైర్ (.22 లాంటి చిన్న తూటా) కాకపోతే చాలు, జింకకి ఏ సెంటర్‌ఫైర్ రైఫిలైనా వాడొచ్చు. మా లీజులో పిల్లలు మొదటి జింకను .223తోనే కొడతారు. కానీ వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, 80 గజాల్లో జంతువు పక్కకి తిరిగి కదలకుండా నిలబడ్డాకే కాల్చమంటాం. బుల్లెట్ కూడా వేటకి చేసిన, తగిలాక విచ్చుకునే సాఫ్ట్ పాయింటో పూర్తి రాగిదో ఉండాలి. మీరు రేంజ్‌లో వాడే 55 గ్రెయిన్ ఫుల్ మెటల్ జాకెట్ (విచ్చుకోని రకం) తీసుకుని మాత్రం రావొద్దు.

పంది సంగతి వేరు. ముదురు మగ పందికి భుజాల మీద చర్మం కింద గట్టి పొర ఉంటుంది, వేళ్లతో నొక్కితే పాత టైరులా తగులుతుంది. పైగా గుండె, ఊపిరితిత్తులు జింకలో కంటే ముందుకీ కిందికీ ఉంటాయి. జింకకి గురిపెట్టినట్టు భుజం వెనక వేస్తే పొట్టలో తగులుతుంది. తర్వాత మీరు టార్చిలైటు పట్టుకుని ముళ్లకంపల్లో తిరగాల్సిందే.

ఆష్‌బర్న్ అక్క (సెప్టెంబర్ 8, సాయంత్రం 6:05)

వర్జీనియా నుంచి. మా దగ్గర జింకకి రైఫిల్ కనీసం .23 క్యాలిబర్ ఉండాలి. 5.56 బుల్లెట్ .224 కదా, వెంట్రుకవాసిలో తప్పిపోయింది. అందుకే నేనూ అప్పర్ మార్చాను, నాది 6.5 గ్రెండెల్ అనే క్యాలిబర్. మా కౌంటీలో రైఫిల్ పనికిరాదు, లౌడన్ దాటి పడమటి కొండల వైపు వెళ్లినప్పుడే తీస్తాను. కొలరాడోలో కనీసం .24 అడుగుతారు. పెన్సిల్వేనియాలోనైతే జింక వేటకి సెమీ ఆటోమేటిక్ రైఫిలే పనికిరాదు, అక్కడ ఏ అప్పర్ పెట్టినా దండగే. ఎవరి రాష్ట్రం వేట రూల్స్ పుస్తకం వాళ్లు చదువుకోండి, ఇక్కడ చదివింది నమ్మి బయల్దేరకండి.

కొలంబస్ తమ్ముడు (సెప్టెంబర్ 8, సాయంత్రం 7:44)

ఒహాయోలో ఇంకో తమాషా. జింకకి రైఫిల్ వాడాలంటే తిన్నని గోడలున్న కేసింగ్ కావాలి, సీసా మెడలా సన్నబడకూడదు. .223, గ్రెండెల్ అన్నీ అవుట్. 2019లో వించెస్టర్ వాళ్లు .350 లెజెండ్ తెచ్చింది ఇలాంటి రాష్ట్రాల కోసమే. ఏఆర్ అప్పర్‌లో వస్తుంది, 5.56 బోల్టే సరిపోతుంది, మ్యాగజైన్ మాత్రం దానిదే కావాలి. బుల్లెట్ లావు కాబట్టి 5.56 బ్యారెల్‌లోకి పోయే ప్రశ్నే లేదు. భుజానికి దెబ్బ కూడా తక్కువ, మా ఆవిడ కూడా కాలుస్తుంది. 150 గజాలు దాటితే మాత్రం నేను వేలు ట్రిగ్గర్ మీద పెట్టను.

లియాండర్ రాజు (సెప్టెంబర్ 8, రాత్రి 9:20)

లీజులో ఫీడర్లు 100 గజాల్లో ఉన్నాయట, ఒక మంచె మీంచి మాత్రం 200 దాకా ఖాళీ మైదానం. అక్కా, గ్రెండెల్ గురించి కొంచెం వివరంగా చెప్తారా? .308 అప్పర్ పెట్టుకోవచ్చా అని కూడా సందేహం.

ఆష్‌బర్న్ అక్క (సెప్టెంబర్ 9, ఉదయం 7:30)

.308 పొడుగు, మీ లోయర్‌లో మ్యాగజైన్ వెళ్లే దారిలో పట్టదు. దానికి ఏఆర్-10 అనే పెద్దన్న వేరే ఉన్నాడు, అంటే మళ్లీ కొత్త రైఫిలే.

గ్రెండెల్ అలెగ్జాండర్ ఆర్మ్స్ వాళ్లది, ఏఆర్-15 కొలతల్లో దూరంగా కొట్టడానికే తయారు చేశారు. కేసింగ్ పొట్టి, లావు. బుల్లెట్ సన్నం, పొడుగు, గాలిని బాగా చీల్చుకుంటూ పోతుంది. 123 గ్రెయిన్ బుల్లెట్‌తో 200 గజాల దగ్గర కూడా వెయ్యి ఫుట్-పౌండ్ల పైనే మిగులుతుంది. మీ 5.56కి బ్యారెల్ మూతి దగ్గర ఉండేదే 1,250 చిల్లర.

కేసింగ్ లావు కాబట్టి బోల్టు వేరు, మ్యాగజైన్ వేరు. గ్రెండెల్ బోల్టుల్లో రెండు లోతులున్నాయి, అందుకే బ్యారెల్‌తో కలిపి అమ్మిన బోల్టే తీసుకోండి. చవగ్గా వచ్చిందని ఒకచోట బ్యారెల్, ఇంకోచోట బోల్టు కొంటే హెడ్‌స్పేస్ (బోల్టుకీ తూటాకీ మధ్య ఖాళీ) తేడా వస్తుంది. బోల్టు ముఖం వెడల్పు చేయడంతో అంచులు పలచబడ్డాయి, కాబట్టి ఎవరో ఇంట్లో ఘాటుగా నింపిన తూటాలు అరువు తెచ్చుకోకండి. మాకు ఇక్కడ కంప్లీట్ అప్పర్, బోల్టుతో కలిపి 650 డాలర్లు పడింది. స్కోప్ ఖర్చు వేరే.

5.56 మ్యాగజైన్‌లో గ్రెండెల్ రౌండ్లు వేస్తే మూడోదో నాలుగోదో ఇరుక్కుంటుంది. ఖర్చు తగ్గుతుందని నేను చేసి చూశాను లెండి.

లానో మంచె (సెప్టెంబర్ 9, ఉదయం 8:00)

అక్క చెప్పిన ఇబ్బందులన్నీ నాకు గుణాలుగా కనిపిస్తాయి. బోల్టు వేరు, మ్యాగజైన్ వేరు, తూటా లావు. గ్రెండెల్ రౌండు 5.56 ఛాంబర్‌లో దూరమన్నా దూరదు. చీకట్లో, చలికి వేళ్లు కొంకర్లు పోయి, నాలుగింటికి లేచిన నిద్రమత్తులో మనం తప్పు చేస్తాం. అప్పుడు తుపాకీ "కుదరదు" అనాలి. .300 బ్లాక్‌అవుట్ కుదురుతుంది అంటుంది, నాకు నచ్చనిది అదొక్కటే.

సైలెంట్ పిడుగు (సెప్టెంబర్ 9, ఉదయం 9:12)

ఈ మాటకి లైకు కొట్టక తప్పలేదు. కానీ నా ఇసుక రంగు మ్యాగజైన్లు అమ్మను.

రాజూ, ఇంకొకటి. బ్లాక్‌అవుట్ అయినా, గ్రెండెల్ అయినా, పొట్టి బ్యారెల్ అప్పర్లు ఎంత ముద్దుగా ఉన్నా కొనకు. రైఫిల్ లోయర్ మీద 16 అంగుళాల కంటే తక్కువ బ్యారెల్ పెట్టాలంటే ముందుగా ఫెడరల్ రిజిస్ట్రేషన్, అనుమతి కావాలి. అనుమతి వచ్చేదాకా ఆ అప్పర్ ఇంట్లో ఉంచుకోవడమే చిక్కు. 18 అంగుళాలది తీసుకో, పేచీ ఉండదు.

హెచ్1 పక్షి (సెప్టెంబర్ 9, మధ్యాహ్నం 2:18)

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను హెచ్1బీ మీద ఉన్నా, డాలస్. టెక్సాస్‌లో ప్రైవేటు స్థలంలో పందులకి హంటింగ్ లైసెన్సే అక్కర్లేదని విన్నా. ఫ్రెండ్ రైఫిల్ పట్టుకుని నేనూ వెళ్లొచ్చా?

లానో మంచె (సెప్టెంబర్ 9, మధ్యాహ్నం 3:05)

ఆగు తమ్ముడూ, ఆగు. మనవాళ్లు బోర్లా పడేది ఇక్కడే.

2019 సెప్టెంబర్ నుంచి, భూమి యజమాని ఒప్పుకుంటే పందులకి లైసెన్స్ అక్కర్లేదన్నది నిజమే. అది రాష్ట్రం మాట. హెచ్1బీ లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. దానికున్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్. అంటే పందికి లైసెన్స్ అక్కర్లేదు గానీ, తుపాకీ పట్టుకోవడానికి నీకు కావాలి. రేంజ్‌లో అద్దె తుపాకీ కాల్చినా ఇదే లెక్క. గడువు ఎప్పుడు ముగుస్తుందో ఫోన్లో రిమైండర్ పెట్టుకో.

తుపాకీ కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫారంలో ఒక్క గడి కూడా అబద్ధం రాయొద్దు. తుపాకీ కేసు పడితే జరిమానా కట్టి బయటపడేది కాదు, దేశం నుంచే పంపించేయొచ్చు. నేను లాయర్ని కాదు. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక అరగంట మాట్లాడాకే దేన్నైనా ముట్టుకో.

లైసెన్స్‌తో పాటు హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) కూడా చేయాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ తప్పనిసరి. 17 ఏళ్లు నిండితే ఆన్‌లైన్‌లో అయిపోతుంది. రాజు గారూ, జింక అన్నారు కాబట్టి మీకూ ఇది వర్తిస్తుంది.

హెచ్1 పక్షి (సెప్టెంబర్ 9, మధ్యాహ్నం 3:30)

బాబోయ్. పోయిన నెల బర్త్‌డేకి రేంజ్‌కి తీసుకెళ్తామంటే కడుపునొప్పి వచ్చి మానేశా. ఆ కడుపునొప్పికి దణ్ణం పెడుతున్నా.

పాలమూరు రైతుబిడ్డ (సెప్టెంబర్ 10, ఉదయం 7:15)

అన్నలూ, మాది మహబూబ్‌నగర్ జిల్లా. పల్లి చేలో, మక్క చేలో పందుల గుంపు పడితే రాత్రికి రాత్రి ఎకరం సాఫ్. చుట్టూ పాత చీరలు కట్టినం, డబ్బాలు మోగించినం. నెల రోజులు భయపడ్డయి, తర్వాత చీరల మీదికెళ్లే నడిచినయి. మీరక్కడ తుపాకీకి చొక్కా మార్చినట్టు మారుస్తున్నరు. మా పెదనాన్నకి లైసెన్స్ తుపాకీ ఉంది, ఇక్కడ ఇట్ల మార్చుకునే వీలుందా?

లానో మంచె (సెప్టెంబర్ 10, ఉదయం 8:40)

లేదు తమ్ముడూ. మన ఆయుధాల చట్టంలో విడిభాగాలు కూడా ఆయుధం కిందికే వస్తాయి, లైసెన్స్ మీద లేని బ్యారెల్ ఇంట్లో ఉంటే నేరమే. 2019 సవరణతో ఒక్కో మనిషికి తుపాకులే మూడు నుంచి రెండుకి తగ్గించారు. మన పల్లెల్లో .315 రైఫిళ్లు ఎందుకు కనిపిస్తాయో తెలుసా? సైన్యం వాడే .303 జనం చేతికి పోకూడదని తెల్లవాళ్ల కాలంలోనే వేరే క్యాలిబర్ పెట్టారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. అక్కడ క్యాలిబర్ సర్కారు చూసుకునే విషయం.

పెదనాన్న తుపాకీకి లైసెన్స్ ఉన్నా, పందిని కొట్టడానికి అది చాలదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పంట పాడుచేసే జంతువుకైనా అధికారమున్న వాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఫారెస్ట్ ఆఫీసులో నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టండి, అనుమతి సంగతీ అక్కడే అడగండి. కరెంటు తీగ మాత్రం పెట్టకండి. పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క పొలం మనిషి పోయిన ఊళ్లు నాకు తెలుసు.

పాలమూరు రైతుబిడ్డ (సెప్టెంబర్ 10, ఉదయం 9:02)

తీగ పెట్టం అన్నా. మా ఊళ్లె ఒక బర్రె పోయింది దాంతోని.

గోంగూర మాస్టారు (సెప్టెంబర్ 10, సాయంత్రం 5:50)

క్యాలిబర్ ఏదైనా నాకొకటే, మాంసం ఎటు పోతుందో చెప్పండి. అడవి పందిని కోసేటప్పుడు చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, బ్రూసెల్లోసిస్ అంటుకుంటుంది. లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరేదాకా ఉడకాలి. మన కూరలకి ఆ ఇబ్బంది లేదు, కుక్కర్ ఎనిమిది విజిళ్లకి ఏ పురుగూ బతకదు. జింక మాంసంలో కొవ్వు ఉండదు, నూనె తగలకపోతే చెక్కలా అవుతుంది. గోంగూర వేసి సన్నసెగ మీద పెట్టండి.

లియాండర్ రాజు (సెప్టెంబర్ 12, రాత్రి 10:15)

18 అంగుళాల గ్రెండెల్ అప్పర్, బోల్టుతో కలిపి ఆర్డర్ పెట్టాను. రెండు మ్యాగజైన్లు కూడా. హంటర్ ఎడ్యుకేషన్ సగం అయింది. ఇంట్లో "కొత్త తుపాకీ కాదు, విడిభాగం" అని చెప్పాను. డబ్బా సైజు చూసి నమ్మలేదు.

లియాండర్ రాజు (నవంబర్ 18, రాత్రి 8:30)

లేటైంది, క్షమించండి. పూర్తిగా చెప్తాను.

జీరో చేయడానికి రెండు పెట్టెలు అయిపోయాయి. 100 గజాల్లో మూడు తూటాలు అంగుళంన్నరలో పడుతున్నాయి, నా చేతికి అది చాలు. వెళ్లేముందు రోజు రెండు అప్పర్లూ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని శుభ్రం చేశాను. మీకీపాటికి అర్థమై ఉంటుంది.

శనివారం తెల్లవారుజామున మంచె ఎక్కాను. గ్రెండెల్ మ్యాగజైన్ పెట్టి ఛార్జింగ్ హ్యాండిల్ (బోల్టుని వెనక్కి లాగే పిడి) లాగి వదిలాను. బోల్టు ముందుకెళ్లి సగంలో ఆగింది. మళ్లీ లాగాను, మళ్లీ ఆగింది. ఫోన్ లైటులో తీసి చూస్తే గ్రెండెల్ అప్పర్‌లో ఉన్నది 5.56 బోల్టు. తూటా వెనక అంచు దాని ముఖంలో పట్టడం లేదు. అసలు బోల్టు 40 మైళ్ల అవతల ఇంట్లో ఉంది, రెండో అప్పర్‌లో. బోల్టు ఆగిన చోట మంచె అన్న మాటే గుర్తొచ్చింది, తుపాకీ కుదరదు అంది. దించేసి పక్కన పెట్టాను.

సూర్యుడొచ్చాక సరిగ్గా 90 గజాల్లో ఆడ జింక వచ్చి ఇరవై నిమిషాలు మేసింది. చూస్తూ కూర్చున్నా. మా ఆఫీసాయన మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉన్నాడు.

నిన్న ఆదివారం సరైన బోల్టుతో మళ్లీ వెళ్లాను. జింక రాలేదు గానీ సాయంత్రం ఒక పంది వచ్చింది, 110 గజాలు, వంద పౌండ్లు ఉండొచ్చు. ముందుకాలి పైన, కిందికి గురిపెట్టాను. పదడుగులు నడిచి పడిపోయింది. దగ్గరికెళ్లాక చేతులు వణికాయి, అది కూడా ఉన్నదున్నట్టు చెప్తున్నాను. గోంగూర మాస్టారూ, ఎనిమిది విజిళ్లు పెట్టించాను.

సైలెంట్ పిడుగు (నవంబర్ 18, రాత్రి 8:52)

అదే .300 బ్లాక్‌అవుట్ అయితే బోల్టు ఏదైనా పనిచేసేది, శనివారమే జింక పడేది 😀 సరే సరే, కొట్టకండి.

ఆష్‌బర్న్ అక్క (నవంబర్ 18, రాత్రి 9:10)

శుభాకాంక్షలు రాజు గారూ. బోల్టుల మీద గుర్తు పెట్టుకోండి. బోల్టుని మోసే క్యారియర్ కుడి పక్కన చిన్న చుక్క నెయిల్ పాలిష్ వేస్తే ఖాళీ కేసింగ్ బయటికొచ్చే కిటికీలోంచి కనిపిస్తుంది. నేను గ్రెండెల్‌కి ఎరుపు వేశాను, మ్యాగజైన్ అడుగున కూడా అదే రంగు.

లియాండర్ రాజు (నవంబర్ 19, ఉదయం 7:05)

వేసేశాను అక్కా. ఎరుపు గ్రెండెల్‌కి, నీలం 5.56కి. ఇప్పుడు ఇంట్లో ఆ సీసాల కోసం వెతుకులాట మొదలైంది, నేనింకా నోరు విప్పలేదు.